మైకు మాట, కిటికీ మాట

మా అక్క మనవరాలు సమీనా ఈమధ్యే హైదరాబాదులో ఉద్యోగంలో చేరింది. ఫోనులో వెతుక్కునేవాళ్లకు చిన్న చిన్న దుకాణాల పేర్లు కనబడేటట్టు చేయడం ఆమె పని. మొన్న వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని ఫోను తీసి చూపించింది. మనం ఏదైనా అడిగితే మొదట డబ్బు కట్టినవాళ్ల పేర్లు వస్తాయట. పక్కన చిన్న అక్షరాలతో ప్రకటన అని ఉంటుంది. వాటి కింద, డబ్బు కట్టకుండానే నలుగురూ మెచ్చుకోగా పైకి వచ్చిన పేర్లు ఉంటాయట.

"గీ రెండిట్ల దేనిమీద కష్టపడాలె అని మా ఆఫీసుల రోజూ లొల్లి నానీ" అంది అమ్మమ్మ వరసైన నాతో.

నేను నవ్వాను. ఎనభైల్లో ఉద్యోగంలో చేరిన నాటి నుంచి తొంభైల చివరిదాకా నేను పడింది ఆ లొల్లే. కాకపోతే నా దగ్గర ఫోను లేదు. ఒక మైకు, ఒక కిటికీ ఉండేవి. సమీనాకూ, ఆమెలాగా ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు అనేవి ఇందులో ఉండవు. నేను ఏం తప్పు చేశానో, ఎవరి వల్ల నేర్చుకున్నానో అవే ఉంటాయి.

గది

నల్గొండ బస్టాండులో ప్లాట్‌ఫారాల చివర, చాయ్ హోటలు పక్కన ఒక చిన్న గది ఉండేది. అందులో ఒక బల్ల, బల్ల మీద మైకు, గోడకు బస్సుల వేళల పట్టిక. ఎదురుగా అద్దం, అద్దానికి పక్కగా చేయి పట్టేంత కిటికీ. బస్టాండులో వ్యాపార ప్రకటనలు చెప్పించుకునే హక్కును రామచంద్రం గారు అనే కంట్రాక్టరు వేలంలో పాడుకున్నారు. బస్సులు వచ్చేదీ పోయేదీ కూడా ఆయన మనిషే చెప్పాలని షరతు. ఆ మనిషిని నేను. పేరు షాజహాన్ బేగం.

అప్పటికి నాకు పెళ్లయి రెండేళ్లు. ఇంటర్ చదివాను. మా ఆయన బట్టలు కుట్టేవారు. ఆడమనిషి బస్టాండులో ఉద్యోగం ఏమిటని ఇంట్లో రెండు రోజులు మాటలు నడిచాయి. చివరికి మా అత్తగారే తేల్చింది. "మొఖం ఎవరికి కనబడతది? పోయేది గొంతే గదా. పోనియ్యి" అంది.

రామచంద్రం గారు నాకు పెట్టిన పరీక్ష ఇప్పటికీ గుర్తుంది. కాగితం మీద నాలుగైదు ఊళ్ల బస్సుల వివరాలు రాసిచ్చి మైకులో చదవమన్నారు. తాను అక్కడ ఉండకుండా బస్టాండు అవతలి కొసకు పోయారు. అక్కడ జామపండ్లు అమ్మే మల్లమ్మ ఉండేది. చదవడం అయిపోయాక తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"గొంతు మంచిగున్నదా లేదా నేను సూడలే. నువ్వేం చెప్పినవో మల్లమ్మను అడిగిన. దేవరకొండ బస్సు ఆలస్యమంట అని చెప్పింది. గంతే గావాలె. రేపటి సంది రా."

పేరు, జాగ, దొరికేది

రామచంద్రం గారు జీతం దగ్గర పిసినారి. మాటల దగ్గర అంతకంటే పిసినారి. దుకాణాలవాళ్లు ప్రకటన రాసి పంపితే ఎర్ర సిరా పెన్నుతో కొట్టేసేవారు. అత్యుత్తమం, నాణ్యమైన, సరసమైన, నమ్మకమైన, అన్నీ పోయేవి.

"పేరు చెప్పు, జాగ చెప్పు, ఏం దొరుకుతదో చెప్పు. మంచిగుంటదని మనం చెప్పొద్దు. గది కొన్నోళ్లు చెప్పాలె" అనేవారు.

జాగా చెప్పడంలో ఆయనను మించినవాళ్లను నేను చూడలేదు. ఫలానా రోడ్డు, ఫలానా నంబరు అని రాస్తే ఒప్పుకునేవారు కాదు. తానే నడిచిపోయి చూసి వచ్చి, 'టాకీసు ఎదురుగా, పిండిగిర్ని పక్కన, పచ్చ తలుపుల దుకాణం' అని రాయించేవారు. కొత్తగా టౌనుకు వచ్చిన మనిషికి దుకాణం పేరు గుర్తుండదు, పచ్చ తలుపులు గుర్తుంటాయి.

ఒకసారి మిర్యాలగూడ బస్సు లోపలికి వస్తుంటే నేను చీరల దుకాణం ప్రకటన మధ్యలో ఉన్నాను. అది పూర్తిచేసి బస్సు సంగతి చెప్పేసరికి బస్సు కదిలిపోయింది. ఒక ముసలాయన దాన్ని అందుకోలేకపోయాడు. ఆయన కిటికీ దగ్గరికి వచ్చి నన్ను గట్టిగానే తిట్టాడు. రామచంద్రం సార్ నా తరఫున మాట్లాడతారేమో అనుకున్నాను. ఆయన ఆ ముసలాయనను కూర్చోబెట్టి చాయ్ తాగించి, తర్వాతి బస్సు తానే దగ్గరుండి ఎక్కించి వచ్చారు.

"జనం మైకు దిక్కు చెవి పెట్టేది బస్సు కోసం. దుకాణం దాని మీదెక్కి సవారి చేస్తాంది. మనం బస్సు సంగతి సక్కగ చెప్పకపోతే రేపు మన మాట ఎవడు ఇంటడు?" అన్నారు.

సమీనా, నీ పనిలో కూడా ఇంతే అనుకుంటాను. జనం వచ్చేది వాళ్ల అవసరం కోసం. నీ ప్రకటన కోసం కాదు.

కిటికీ

కిటికీ దగ్గరికి వచ్చి మొదట్లో అందరూ బస్సులే అడిగేవారు. కొన్నాళ్లకు మిగతావీ అడగడం మొదలైంది. పళ్ల డాక్టరు ఎక్కడుంటాడు, విత్తనాలు ఎక్కడ మంచివి దొరుకుతాయి, కళ్లద్దాలు ఎవరు చేస్తారు. ఊరి నుంచి వచ్చిన మనిషికి టౌనులో మొదట కనబడే మనిషిని నేనే. తెలిసింది చెప్పేదాన్ని.

ఒకరోజు సార్ ఆ వరుసను చూశారు.

"షాజానమ్మా, కిటికి కాడ అడిగినోళ్లకు గూడ మన పార్టీల పేర్లే చెప్పు. వాళ్లు మనకు పైసలు కడుతున్నరు గదా."

నాకు అందులో తప్పేమీ కనబడలేదు. సరేనన్నాను. ఏడాదికి పైగా అట్లాగే చెప్పాను. ఈ మాట దాచుకోకుండా రాస్తున్నాను, ఎందుకంటే నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఈ తప్పులోంచే వచ్చింది.

మా పార్టీలలో అన్నిటికంటే పెద్దది టౌను గడియారం స్తంభం దగ్గర సారంగపాణి గారి మోటారు వైండింగు దుకాణం. మా దిక్కు భూములు మెట్ట భూములు. బావి నీళ్లో, బోరు నీళ్లో తప్ప వేరే దిక్కు లేదు. ఎండాకాలం కరెంటు సరిగ్గా రాక మోటార్లు కాలిపోయేవి. రైతు ఆ మోటారును విప్పి, గోనెసంచిలో కట్టి, బస్సు మీద వేసుకుని నల్గొండకు వచ్చేవాడు. లోపల కాలిన రాగితీగ తీసేసి కొత్త తీగ చుట్టించుకుని పోవాలి. అది ఎన్ని రోజులు ఆలస్యమైతే అక్కడ పంట అన్ని రోజులు ఎండుతుంది. సంచి దింపుకున్న రైతు ముందుగా నా కిటికీ దగ్గరికే వచ్చేవాడు. నేను సారంగపాణి గారి పేరు చెప్పేదాన్ని.

లింగయ్య మోటారు

లింగయ్యది చండూరు దిక్కు ఊరు. యాభై దాటిన మనిషి. బత్తాయి తోట పెట్టి, పిల్లల్లాగా సాకి, మొదటి కాపు కళ్లజూసే ఏడాది అది. ఆయన కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు అదంతా నాకు తెలియదు.

"బిడ్డా, మోటరు కాలింది. మంచిగ చుట్టేటోళ్లు ఎవరున్నరు?"

"గడియారం కాడ సారంగపాణి గారు ఉన్నరు కాకా. గాడికి పో."

మూడో రోజు మోటారు తీసుకుని ఊరికి పోయాడు. మరి రెండు రోజులకే అదే సంచితో మళ్లీ దిగాడు. దుకాణంవాళ్లు మళ్లీ తీసుకుని, రేపు రా అన్నారు. ఆ రేపు వారం రోజులు నడిచింది. ప్రతి పొద్దున చండూరు బస్సు దిగి నా కిటికీ ముందు నుంచి నడిచిపోయేవాడు, సాయంత్రం ఉత్త చేతులతో వచ్చేవాడు. చివరికి మోటారు చేతికి వచ్చింది. తీసుకుపోయి పెడితే ఒక్క పూట తిరిగి మళ్లీ కాలింది.

ఆ మర్నాడు ఆయన వచ్చి సంచిని కిటికీ కింద దింపాడు. నేనే అడిగాను.

"ఏమైంది కాకా?"

"మల్ల కాలింది బిడ్డా. పిందెలన్ని రాలినయి. ఇంగ చెట్లన్న బతుకుతయో లేదో."

"నాకు తెల్వదు కాకా. మైకుల చెప్పే దుకాణమే గదా అని చెప్పిన."

ఆయన నా మీద కోపం చేయలేదు. రుమాలుతో మెడ తుడుచుకుని నెమ్మదిగా అన్నాడు. "మైకుల చెప్పేది అంగడి మాట. గది నాకు ఎర్కే. దాన్ని జూసి నేను పోలే. కిటికిల చెప్పింది నీ మాట అనుకున్న. గందుకే పోయిన."

ఆయన వెనక నిలబడ్డ మనిషి సూర్యాపేట బస్సు అడిగాడు. రోజూ నోటికి వచ్చే వేళ కూడా తప్పు చెప్పాను. కాసేపటికి సార్ వస్తే, ఒక గంట బయటికి పోతానని అడిగాను. ఎందుకన్నారు. తెలుసుకోవడానికి అన్నాను. ఆయన నన్నొకసారి, కింద సంచినొకసారి చూసి తానే మైకు ముందు కూర్చున్నారు.

నేను నేరుగా బస్సుల కరెంటు పని చూసే మెకానిక్ దగ్గరికి పోయాను. తీగ చుట్టే పని సంగతి ఆయనకు తెలియకుండా ఉండదని నా ఆలోచన. లింగయ్య కాక కూడా సంచి మోసుకుంటూ నా వెనకే వచ్చాడు.

"సారంగపాణి దుకాణంల మంచిగ చుట్టేది ఖాజామియా గదా" అన్నాడు మెకానిక్. "గాయన బయటకొచ్చి ఆర్నెల్లయితాంది. ఇప్పుడు గాడ చుట్టేది పని నేర్చుకునేటోళ్లు. నీకు ఎర్క లేదా?"

నాకు ఎరుక లేదు. పని తెలిసిన చేయి ఆరు నెలల కిందనే ఆ దుకాణం నుంచి వెళ్లిపోయింది. మైకులో మాత్రం అదే పేరు, అదే మాట. మైకును నడిపేది నేనే కాబట్టి, కిటికీలో కూడా అదే మాట.

ఖాజామియా గది బస్టాండు వెనక సందులో ఉంది. కిరాయి గది, బోర్డు లేదు. నెరిసిన గడ్డం, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. మోటారు విప్పి, కాలిన తీగ ఒకటి బయటికి లాగి వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"సన్న తీగ ఏసిండ్రు. గీ మోటరుకు ఆగదు. పైన పూసిన వార్నిష్ గూడ ఆరకముందే ఇచ్చిండ్రు."

"రేపటికి గావాలె సాబూ" అన్నాడు లింగయ్య.

"రేపటికి గాదు. ఎల్లుండి సాయంత్రం అయితది. రేపిస్త అంటే నువ్వు నాల్గు దినాలకు మల్ల ఇదే సంచి మోసుకొని వస్తవు."

చెప్పినట్టే ఎల్లుండి సాయంత్రం ఇచ్చాడు. ఆ మోటారు తర్వాత ఎన్నో ఎండాకాలాలు తిరిగిందని లింగయ్య చెప్పాడు. కానీ ఆ ఏడాది కాపు పోయింది. తోటలో సగం చెట్లు ఎండిపోయాయి. అందులో నా వంతు ఉందని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. లింగయ్య ఎండిన చోట మళ్లీ మొక్కలు పెట్టుకున్నాడు. అటు తర్వాత కూడా టౌనుకు వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గర ఆగి ఏదో ఒకటి అడిగేవాడు. ఆయన అడిగిన ప్రతిసారీ నాకు పెద్ద ఇనాము ఇచ్చినట్టుండేది.

తిరిగొచ్చినవాళ్ల మాట

ఆ రోజు నుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఎవరైనా పోయి, పని చేయించుకుని, తిరిగి వచ్చి నాతో బాగుందని చెబితేనే ఆ పేరు కిటికీలో చెప్పాలి. బస్టాండులో కూర్చున్నదానికి అది కష్టం కాదు. టౌనులోకి వచ్చిన మనిషి తిరిగిపోవాలన్నా అక్కడికే రావాలి.

"పొయ్యి రాండ్రి. పోయేటప్పుడు ఎట్ల జేసిండ్రో జర నాకు చెప్పి పోండ్రి" అనేదాన్ని.

చెప్పేవారు. బాగుంటే ఒక్క మాటలో, బాగాలేకపోతే పది మాటల్లో. ఒకరి మాట మీద ఏ దుకాణాన్నీ మంచిదనలేదు, ఒకరి మాట మీద ఏ దుకాణాన్నీ చెడ్డదనలేదు. అదే మాట వేరే ఊరివాళ్లు, ఒకరినొకరు ఎరగనివాళ్లు చెప్పేదాకా ఆగేదాన్ని. తెలియనిదాన్ని తెలియదనేదాన్ని. "మైకుల ఒక పేరు వస్తది. గది వాళ్లు పైసలిచ్చి చెప్పించుకునేది. సూస్కోని పోండ్రి" అని కూడా చెప్పేదాన్ని.

కొన్ని నెలల్లోనే మోటారు సంచులు గడియారం దిక్కు కాకుండా వెనక సందులోకి తిరిగాయి. సారంగపాణి గారు ఊరుకుంటారా? ఒక మధ్యాహ్నం తెల్ల బట్టలతో గదిలోకి వచ్చి సార్ ఎదురుగా కూర్చున్నారు.

"పైసలు నేను కట్టాలె, గిరాకి ఖాజాకు పోవాల్నా రామచంద్రం? మీ మైకుకాడి ఆమెను అడుగు."

సార్ నా వైపు తిరిగారు. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. మా ఆయన సంపాదనతో ఇల్లు నడవదని కూడా తెలుసు. అయినా నోట్లోంచి మాట వచ్చేసింది.

"మైకుల మీ పేరు ఎన్నిసార్లు చెప్పాల్నో అన్నిసార్లు చెప్తున్న సార్. ఒక్కనాడు తగ్గియ్యలే. మీరు కొన్నది మైకు. కిటికి కొనలే."

సార్ ఆయన్ను ఒకటే అడిగారు.

"పాణీ, ఊర్ల నీ తోటకాడ మోటరు కాలితే ఎవరితోని చుట్టిస్తవు?"

సారంగపాణి గారు లేచి పోయారు. మర్నాటి నుంచి ప్రకటన మాన్పించుకున్నారు. మా పార్టీలన్నిటిలోకీ పెద్దది పోయింది. సార్ రెండు రోజులు నాతో బస్సుల సంగతి తప్ప మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "గా కిటికి నీది. ఇంగ నేను అడగ. గని మైకుకు కొత్త పార్టీని నువ్వే తేవాలె" అన్నారు.

ఎందరో పై అధికారుల గురించి జనం గొప్పగా చెప్పుకుంటారు. నష్టం వచ్చినా నా మాట నిలబెట్టిన మనిషి కింద పనిచేశానని నేను చెప్పుకుంటాను.

ఖాజామియా మైకెక్కిన సంగతి

ఇక్కడ నా రెండో తప్పు. కొత్త పార్టీని తెమ్మంటే నాకు వెంటనే తోచింది ఖాజామియానే. అంత మంచి పనివాడి పేరు మైకులో వస్తే ఎంత బాగుంటుంది అనుకున్నాను. ఆయన వద్దన్నాడు. నేనే పట్టుబట్టి మూడు నెలలకు ఒప్పించాను.

రెండో వారానికి ఆ సందు నిండా గోనెసంచులే. ఎప్పుడూ రేపు అనని మనిషి రేపు అనడం మొదలుపెట్టాడు. తిరిగిపోయే రైతులు కిటికీ దగ్గర మొహం చిన్నబుచ్చుకుని చెప్పేవారు. "పని మంచిదేనమ్మా, గని వారం తిప్పిండు" అని ఒకరు. "నా ఎనకొచ్చినోనికి ముందిచ్చిండు" అని ఒకరు. నా నియమం ప్రకారం ఆయన పేరు కూడా చెప్పకూడని రోజు దగ్గరపడింది.

నేను సందులోకి పోయేసరికి ఆయన కింద కూర్చుని తీగ చుడుతున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వేళ్ల సందుల్లో వార్నిష్ గట్టిపడి ఉంది.

"చాచా, తిప్పుతున్నరని అంటున్నరు" అన్నాను.

"మైకు బంద్ చెయ్యి బేటీ. నాకున్నయి రెండే చేతులు. నీ మైకు ఎంతమందిని పంపుతాందో దానికే ఎర్క లేదు."

ఆ రోజే ఆపేశాం. సార్ నవ్వి, "దుకాణం ఎంతుందో సూడకుంట ఎక్కించినవు" అన్నారు. నిజమే. మైకు అందరినీ ఒకేసారి పంపిస్తుంది. నోటి మాట ఒక్కొక్కరినే పంపిస్తుంది, చేతులు మోయగలిగినంత. చిన్న దుకాణం పెట్టుకున్నవాళ్లు డబ్బు కట్టి పేరు చెప్పించుకునే ముందు, రేపు పొద్దున పదిమంది వచ్చి నిలబడితే ఏం చేస్తానని అడుక్కోవాలి. ఆ ప్రకటన చెప్పేవాళ్లు కూడా అడగాలి.

అట్లాగని మైకు వద్దని నేను అనను. ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది. ఖాజామియా బయటికి వచ్చిన మొదటి ఆరు నెలలు పనిలేక కూర్చున్నాడు. పని బాగా చేస్తాడని చెప్పడానికి పని చేయించుకున్నవాళ్లే లేరు. అప్పుడు ఒక్క వారం మైకులో 'బస్టాండు వెనక సందు, రెండో గది' అని చెప్పించుకుని ఉంటే నలుగురు వచ్చేవారు, ఆ నలుగురి నోటి నుంచి మిగతావాళ్లు వచ్చేవారు. లింగయ్య తోట కూడా నిలిచేదేమో. ఎవరికీ తెలియని మంచి మనిషి పేరును మొదటిసారి నలుగురి చెవిలో వేయడానికి మైకును మించినది లేదు. మంచి అని నమ్మించడానికి మాత్రం అది పనికిరాదు.

సారంగపాణి గారు వరుసలో నిలబడ్డ రోజు

ఒక ఏడాది తర్వాత కిటికీ ముందు వరుసలో, ఇద్దరు రైతుల వెనక సారంగపాణి గారు నిలబడ్డారు. లోపలికి రమ్మంటే రాలేదు. తన వంతు వచ్చేదాకా ఆగి కిటికీ మీదికి వంగారు.

"నా దుకాణం గురించి రైతులు ఏమంటున్నరో జర చెప్పమ్మా. ఏం దాయకు."

చెప్పాను. సన్న తీగ, ఆరని వార్నిష్, రేపు రమ్మనడం, అడిగితే కసురుకోవడం. ఏ ఊరివాళ్లు ఏమన్నారో కూడా చెప్పాను, పేర్లు మాత్రం చెప్పలేదు. ఆయన మధ్యలో ఒక్క మాటకూ అడ్డం రాలేదు. అయిపోయాక తల ఊపి పోయారు.

తర్వాత తెలిసింది. సూర్యాపేట నుంచి పని తెలిసిన ఇద్దరిని తెచ్చుకున్నారు, తీగ మార్చారు. మిగిలిపోయిన సంచులను ఖాజామియా కూడా ఆయన దగ్గరికే పంపడం మొదలుపెట్టాడు. మరుసటి ఎండాకాలం గడియారం దిక్కు నుంచి తిరిగొచ్చిన రైతులు ఒకరి తర్వాత ఒకరు బాగుందని చెప్పారు. నేను మళ్లీ కిటికీలో ఆయన పేరు చెప్పాను.

ఆ సంగతి ఆయన చెవిన పడింది. మిఠాయి డబ్బా తీసుకుని వచ్చారు.

"మైకు పైసలు మా సార్‌కు కట్టుండ్రి. కిటికికి పైసల్లేవు, మిఠాయి గూడ లేదు" అన్నాను.

ఆయన నవ్వి డబ్బా వెనక్కు తీసుకున్నారు. మళ్లీ మైకులో ప్రకటన ఇచ్చారు. ఈసారి సార్ ఎర్ర పెన్నుతో కొట్టేయాల్సిన ఉత్తమం, నమ్మకం లేవు. 'గడియారం దగ్గర సారంగపాణి దుకాణంలో మోటార్లకు తీగ చుట్టి ఇస్తారు. మూడు రోజులు పడుతుంది.' అంతే. ఆ చివరి మాట ఆయన తనంతట తానే రాయించారు. నేను మైకులో చదివిన మాటలన్నిటిలో అంత పని చేసిన మాట ఇంకొకటి లేదు. ఎన్ని రోజులు పడుతుందో ముందే చెప్పే దుకాణం అబద్ధం చెప్పదని రైతులు అనుకున్నారు.

క్యాసెట్టు

తొంభైల చివర్లో మైకుకు క్యాసెట్టు వచ్చింది. నా చేత ప్రకటనలూ, బస్సుల వేళలూ అన్నీ ఒకేసారి చదివించి రికార్డు చేసుకున్నారు. ఇక రోజంతా అదే తిరుగుతుంది. నా ఉద్యోగం అయిపోయిందనుకుని వస్తువులు సర్దుకుంటుంటే డిపో నుంచి పెద్ద సారు వచ్చారు. కిటికీ దగ్గర మనిషి లేకపోతే జనం ఊరుకోరని, నన్ను ఉండమని అడిగారు. మైకు మాట క్యాసెట్టులో పట్టింది, కిటికీ మాట పట్టలేదు. నేను రిటైరయ్యేదాకా ఆ కిటికీ దగ్గరే పనిచేశాను.

క్యాసెట్టు పెట్టిన కొత్తలో ఒకరోజు అచ్చంపేట దిక్కు నుంచి ఒకామె వచ్చింది. చంకలో బట్టలో చుట్టిన కుట్టుమిషను తల, అది పాడైంది. పైన స్పీకరులో నా గొంతు కుట్టుమిషన్లు బాగుచేసే కొత్త దుకాణం గురించి చెబుతోంది. ఆమె పైకి చూసి, తర్వాత నన్ను చూసింది.

"అక్కా, పైన గామె గట్ల చెప్తాంది. నిజమేనా?"

గదిలో ఉన్న కండక్టరు పక్కకు తిరిగి నవ్వాడు. నేను నవ్వలేదు.

"గామె చెప్పేది దుకాణపోళ్లు చెప్పించిన మాట చెల్లే. జాగ మాత్రం కరెక్టే చెప్తది. పని ఎట్ల చేస్తరో నాకు తెల్వదు. పొయ్యొచ్చినోళ్లు ఇంకెవలు చెప్పలే. నువ్వు పొయ్యి రా, వచ్చి నాకు చెప్పు."

"నాకు మంచిగ చెయ్యకపోతే?"

"గప్పుడు నీ ఎనకొచ్చేటోళ్లకు చెప్త, సూస్కోని పొమ్మని."

ఆమె కాసేపు ఆలోచించి పోయింది. మధ్యాహ్నం అచ్చంపేట బస్సు వచ్చి నిలబడింది. ఆమె ఇంకా రాలేదు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. అప్పుడు గేటు దగ్గర కనబడింది, మిషను తల నెత్తిన పెట్టుకుని గబగబా వస్తూ. బస్సు వైపు పోకుండా కిటికీ దగ్గరికి వచ్చింది. నేను కండక్టరుకు చేయి చూపి ఆపమన్నాను.

"మంచిగ చేసిండక్కా. నా ముందటనే విప్పి, దారం ఏసి, కుట్టి చూపిచ్చిండు" అంది ఆయాసపడుతూ. "పైనామె అబద్ధం చెప్పలే."

బస్సెక్కి కిటికీ పక్క సీటులో కూర్చుని నాకు చేయి ఊపింది.